సబ్జెక్టు వదిలేసే ముందు డీఎస్‌ఓను అడగండి

ఓర్వకల్లు లాంటి ఊరి నుంచి ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నారా? అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా ముందు అడిగేది రూమ్మేట్‌నో, వాట్సాప్ గ్రూపులో సీనియర్‌నో. అద్దెకీ, కిరాణాకీ వాళ్లు చాలు. వీసా సంగతికి చాలరు.

యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది. మీ ఐ-20 వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అక్కడే ఉంటారు. చదువు భారమై సబ్జెక్టు వదిలేయాలంటే ముందు ఆ అధికారి అనుమతి తీసుకోవాలి. అడక్కుండా వదిలేసి ఫుల్‌టైమ్ కన్నా తగ్గితే ఎఫ్-1 స్టేటస్సే పోవచ్చు. కారణం అనారోగ్యమైతే డాక్టర్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ లెటర్‌తో అనుమతి అడగొచ్చు.

గుర్తుంచుకోండి:

• ఇల్లు మారితే 10 రోజుల్లోగా తెలియజేయాలి.

• క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు.

పొలం తాకట్టు పెట్టి పంపిన నాయనకు దిగులు చెప్పుకోలేం. కౌన్సెలింగ్ సెంటర్‌లో చెప్పుకోవచ్చు. చాలాచోట్ల ఆ ఖర్చు మీరు కట్టే ఫీజులోనే ఉంటుంది. ప్రాణాపాయం ఉంటే తప్ప, మీరు ఒప్పుకోకుండా ఇంటికి చెప్పరు. మరీ తట్టుకోలేకపోతే 988కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం.

విమానం ఎక్కకముందే డీఎస్‌ఓ ఈమెయిల్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.