నాలుకకు తెలియని విషం

మా అమ్మకు నీళ్ళ విషయంలో మహా పట్టింపు. ఎవరింటికి వెళ్ళినా ముందు చెంబెడు నీళ్ళు పుచ్చుకుని, గుక్కెడు నోట్లో నిలుపుకుని, "ఉప్పన", "చప్పన", "ఫరవాలేదు" అని తీర్పు చెబుతుంది. కిందటి వేసవిలో జగ్గయ్యపేటలో మా పెరట్లో బోరు వేయించినప్పుడు కూడా ఆ తీర్పు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. అమ్మ గుక్క మింగి, "కొబ్బరినీళ్ళల్లే ఉన్నాయిరా!" అంది. నా డబ్బు వృథా కాలేదని సంతోషించాను.

అడ్డుపడింది మా పెద్దమ్మాయి. జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. "పరీక్ష చేయించందే తాగొద్దు నాన్నా. ఫ్లోరైడు, ఆర్సెనిక్ అన్నీ చూడాలి," అంది.

"ఆర్సెనిక్ అంటే ఏమిటే?" అంది అమ్మ.

"పాషాణం, నాయనమ్మా."

"శుభమా అని బోరు వేయిస్తే అవేం మాటలే!" అని అమ్మ విసుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

పాషాణమంటే సంస్కృతంలో రాయి. తెలుగువాడికి అది విషం కూడాను. ఈ రెండర్థాలూ ఎంత దగ్గరివో నాకు ఆ రోజే తెలిసింది. నేల పొరల్లోని రాళ్ళనుంచి, ఒండ్రునుంచి ఈ విషం నీళ్ళలోకి దిగుతుందట. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే లక్ష లీటర్లలో ఒక్క గ్రాము! చెరువునీళ్ళ రోగాలనుంచి పిల్లల్ని కాపాడుకుందామని బంగ్లాదేశంలో ఊరూరా గొట్టపుబావులు వేశారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. తీరా 1993లో చూస్తే వాటిలో ఆర్సెనిక్ ఉన్నట్టు బయటపడింది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఒంటిమీద మచ్చలు, అరచేతుల్లో కాయలు, కొందరికి కాన్సరు.

"మరి దీన్ని ఎవరు కనిపెట్టాలమ్మా?" అన్నాను.

"నాయనమ్మ నాలుక పట్టలేనిదాన్ని బాక్టీరియా పట్టేస్తుంది నాన్నా," అంటూ మా అమ్మాయి ఆ రాత్రి వరండాలో కూర్చుని చెప్పిన కథ ఇది.

ఆర్సెనిక్ ఒక రూపంలో భాస్వరం వేషం వేసుకుని కణంలో దూరుతుంది. భాస్వరమంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతినీ, 1929లో కణానికి బలమిచ్చే ఎ.టి.పి.నీ లోకానికి చెప్పినవారు ఆయనే. ఆ భాస్వరం దారినే దొంగ లోపలికి వస్తాడు. బాక్టీరియా ముందు అతని వేషం విప్పి మరో రూపానికి మారుస్తుంది. ఆ రూపాన్ని బయటికి తోడిపోసే యంత్రం కొన్ని బాక్టీరియాలకు ఉంది. యంత్రం చేసుకునే వివరమంతా డి.ఎన్.ఏ.లో రాసి ఉంటుంది. ఊరికే చేసుకుంటే దండగ కదా! అందుకని ఆ రాత మొదట్లో ఒక కాపలాదారు కూర్చుని చదవనివ్వడు. అతని పేరు ఆర్స్-ఆర్. మనం మాంసకృత్తులనే ప్రోటీన్లలో ఒకటి.

ఇ. కోలై అనే బాక్టీరియాలో దొరికిన ఆర్స్-ఆర్ 117 పూసల దండ. రెండు దండలు జంటగా ముడుచుకుని డి.ఎన్.ఏ.ను పట్టుకుంటాయి. 32, 34, 37 స్థానాల్లో ఉన్నవి సిస్టీన్ పూసలు. వాటి కొసన గంధకం ఉంటుంది. ఆర్సెనిక్‌కు గంధకమంటే వల్లమాలిన ప్రీతి. మన హరిదళం, మణిశిల ఆ రెండింటి కలయికలే. మన ఒంట్లోనూ ఎంజైముల గంధకాన్ని పట్టుకుని వాటి పని మాన్పిస్తుంది. అది విషం కావడానికి ఇదొక ముఖ్య కారణం. బాక్టీరియా ఆ ప్రీతినే ఎరగా పెట్టింది! మూడు రాళ్ళ పొయ్యిమీద కుండ కూర్చున్నట్టు మూడు గంధకాలమీద ఆర్సెనిక్ పరమాణువు కూర్చుంటుంది. దానితో దండ ఆకారం మారి, డి.ఎన్.ఏ. మీద పట్టు జారుతుంది. రాత చదవడం సాగుతుంది, యంత్రం తయారవుతుంది, విషం బయటికి పోతుంది. విషం తరిగాక కాపలాదారు మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

అమెరికాలో బారీ రోజెన్ బృందం 1990ల్లో ఈ గుట్టు చాలావరకు విప్పింది. 2019లో మరి రెండు బాక్టీరియాల ఆర్స్-ఆర్‌ల నిర్మాణాలు స్ఫటికాల సాయంతో వెలువడ్డాయి. ఒకదాంట్లో ఆ పూసలు 95, 96, 102 స్థానాల్లో ఉన్నాయి. రెండోదాంట్లో 15, 16 ఒక దండవి, 55 జంట దండది.

ఇది వినగానే నాకు ఛందస్సు గుర్తుకొచ్చింది. మర్నాడు నందిగామలో మా కాలేజీ పిల్లలకు చెప్పాను: "ఉత్పలమాలకు యతి పదో అక్షరం, చంపకమాలకు పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. చోటు మారినా మైత్రి మైత్రే. అలాగే ఇక్కడ పూసల చోటు మారినా మూడు గంధకాల పట్టు మాత్రం మారలేదు." ఛందస్సంటే ఆవలించే పిల్లలు ఆ రోజు ఆవలించలేదు.

ఈ కాపలాదారు చేత మనుషులూ పని చేయించుకున్నారు. యంత్రం రాత ఉండేచోట వెలుగునిచ్చే రాతను అతికించారు. నీళ్ళలో ఆర్సెనిక్ ఉంటే బాక్టీరియా మిణుగురులా వెలుగుతుంది. 2003లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అలాంటివి తయారుచేశారు. 2005లో వియత్నాం బావుల నీళ్ళు 194 నమూనాలను వాటితో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి.

మా నీళ్ళకు మాత్రం మామూలు ప్రయోగశాల పరీక్షే. వారానికి కాగితం వచ్చింది. ఆర్సెనిక్ హద్దులోపే. హమ్మయ్య అనుకునేలోగా మా అమ్మాయి వేలు కింది వరసమీద ఆగింది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటింది. తాగడానికి పనికిరాదు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇన్నాళ్ళూ నా నాలుక అబద్ధం చెప్పిందిటే?" అంది.

"లేదు నాయనమ్మా. దానికి తెలిసింది అది చెప్పింది," అంది మనవరాలు.

ఇప్పుడు బోరునీళ్ళు బట్టలు ఉతకడానికీ, అంట్లు తోమడానికీ వాడుతున్నాం. తాగేవి వేరే తెచ్చుకుంటున్నాం. అమ్మ మాత్రం అలవాటు మానలేదు. మొన్న మా వియ్యాలవారింట్లో గుక్కెడు నోట్లో నిలుపుకుని, "తియ్యగా ఉన్నాయి వదినగారూ!" అంది. వెంటనే చెంబు కింద పెట్టి, "పరీక్ష చేయించారా?" అని అడిగింది.