వార్తల్లో పదం: జియోఫోన్

2017 జూలై 21న ముంబయిలో రిలయన్స్ వాటాదారుల వార్షిక సభయందు ముకేశ్ అంబానీ ప్రకటించిన ఈ ఫోను, 2.4 అంగుళాల తెరయు, అంకెల మీటలును గలదై చూపునకు పాతదానివలెనే యున్నను, 4జీ మూలమున మాట, పాట, సినిమా, ఇంటర్నెట్టు అన్నిటిని అరచేతి కందించినది. ఆకర్షణ యంతయు వెలలోనే యుండెను: 1,500 రూపాయల ధరావతు మూడేండ్ల పిమ్మట తిరిగి యిత్తుమనిరి గనుక ఫోను ఉచితమట! ఆగస్టు 24న నమోదు తెరువగనే జనము వెల్లువెత్తుటచే, రెండు దినములకే దానిని నిలుపవలసి వచ్చినది. వాట్సాప్ మాత్రము 2018 సెప్టెంబరు దాక ఇందు లేదు. అందాక దీనిని సర్వసాధనసంపన్న మనుట అతిశయోక్తియే.