కన్నీళ్ళొచ్చినంత మాత్రాన బాధ కాదు

గత ఏడాది మా మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. మా దగ్గరే, న్యూజెర్సీలో ఉంటున్నారు. ఎడమ చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది, మాట చాలావరకు తిరిగొచ్చింది. మూడో నెలలో కొత్త సంగతి మొదలైంది. టీవీలో వంటల కార్యక్రమం చూస్తూ బావురుమనేవారు. పాత స్నేహితుడు పోయాడని ఫోనొస్తే పగలబడి నవ్వారు. కాసేపటికే మామూలైపోయి, సిగ్గుతో తల దించుకునేవారు.

తెనాలి నుంచి మా వారి మేనత్తగారు వీడియో కాల్ చేశారు. "అన్నయ్యా, తిన్నావా?" అని అడిగారో లేదో, ఈయన ఏడుపు. సాయంత్రానికల్లా బంధువులందరిదీ ఒకటే మాట: పెద్దాయన పరాయి దేశంలో కుమిలిపోతున్నాడు, వెనక్కి పంపించెయ్యండి. టికెట్ల ధరలు కూడా ఎవరో కనుక్కున్నారు. (అత్తమామల్ని దగ్గర పెట్టుకున్న కోడళ్ళకు ఈ పంచాయితీ ఎలా నడుస్తుందో నేను చెప్పక్కర్లేదు.)

మామయ్యగారినే అడిగాను. "నాకేం బాధ లేదమ్మా. లోపల మామూలుగానే ఉన్నాను. మొహమే నా మాట వినట్లేదు" అన్నారు.

న్యూరాలజిస్టుకు ఆ మాటే చెప్పాం. ఆవిడ వెంటనే పేరు చెప్పారు: సూడోబల్బార్ ఎఫెక్ట్. కొందరు డాక్టర్లు ఎమోషనల్ లేబిలిటీ అని కూడా అంటారు. బాధ కలగడం వేరు, ఏడవడం వేరు. ఏడుపు, నవ్వు మొహంలో, గొంతులో, ఊపిరిలో జరిగే పనులు. వాటిని నడిపే ఏర్పాటు మెదడు కింది భాగంలో ఉంటుంది. పైనుంచి వచ్చే నాడుల దారులు దాన్ని అదుపులో ఉంచుతాయి. స్ట్రోక్‌లో ఆ దారులు దెబ్బతింటే అదుపు తప్పుతుంది. చిన్న పలకరింపు చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. ఇదేమీ ఈ కాలంలో కనిపెట్టిన జబ్బు కాదు. పక్షవాతం లాంటి మెదడు జబ్బుల్లో ఏడుపు తేలిగ్గా వస్తుందని 1872లోనే డార్విన్ రాశాడు.

డిప్రెషన్‌తో దీన్ని కలిపెయ్యకూడదు. ఇది ఉన్నట్టుండి వచ్చి, కొన్ని సెకన్లలోనో నిమిషాల్లోనో పోతుంది. డిప్రెషన్‌లో దిగులు వారాల తరబడి ఉంటుంది. నిద్ర, ఆకలి, దేనిమీదైనా ఆసక్తి దెబ్బతింటాయి. స్ట్రోక్ తర్వాత రెండూ కలిసి ఉండొచ్చు కూడా, అందుకే డాక్టరు విడివిడిగా అడిగి చూస్తారు. మీ ఇంట్లో ఇలా జరుగుతుంటే ఫోన్‌లో ఒకటి రెండు వీడియోలు తీసి డాక్టరుకు చూపించండి, పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే.

మందులున్నాయి. డిప్రెషన్‌కు వాడేవే కొన్ని, చాలాసార్లు తక్కువ మోతాదులో ఇస్తారు. చీటీ మీద ఆ పేరు చూసి "చూశారా, మేం చెప్పలా!" అనే చుట్టాలుంటారు, కంగారు పడకండి. దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను గుండె లయకు వాడే క్వినిడిన్‌తో కలిపిన క్యాప్సూల్‌కు అమెరికాలో ఎఫ్‌డీఏ 2010లో అనుమతి ఇచ్చింది. గుండె జబ్బున్నవాళ్ళకు ఇది అందరికీ పడదు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలతో సహా వాడుతున్నవన్నీ డాక్టరుకు చెప్పాలి.

మందుకంటే ముందు మా ఇంట్లో మారింది మా తీరు. "ఎందుకేడుస్తున్నారు?" అని అడగడం మానేశాం. ఊరుకోబెట్టినకొద్దీ ఎక్కువయ్యేది. ఇప్పుడు మాటల మధ్యలో ఏడుపొస్తే అవే మాటలు కొనసాగిస్తాం. ఆయన భుజాలు సడలించి, నిదానంగా ఊపిరి తీసుకుంటారు. మా అమ్మాయైతే తాతగారి చేతికి టిష్యూ ఇచ్చి, మళ్ళీ తన లెక్కల హోంవర్క్ అందుకుంటుంది.

2019లో వచ్చిన 'జోకర్' సినిమాలో కథానాయకుడు నవ్వు ఆపుకోలేక, తన పరిస్థితి రాసి ఉన్న కార్డు ఎదుటివాళ్ళకు ఇస్తాడు. ఆ కార్డు ఆలోచన మాకు నచ్చింది. మామయ్యగారు చెబుతుంటే నేను టైప్ చేసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కావాలంటే మీరూ వాడుకోండి:

"నాకు స్ట్రోక్ వల్ల నవ్వు, ఏడుపు నా ప్రమేయం లేకుండా వస్తున్నాయి. వచ్చినప్పుడు ఫోన్ పెట్టెయ్యకండి, ఓదార్చకండి. ఒక్క నిమిషం మీ ఊరి కబుర్లు చెబుతూ ఉండండి. నాకు నిజంగా బాధ కలిగితే నోటితోనే చెబుతాను."