నీటిపక్షులు చలికాలమున ఏల కదలును?

పెద్దలారా, కార్తిక మార్గశిరములు వచ్చుసరికి కొల్లేటను, పులికాటను పరదేశపు పక్షులు గుంపులుగా దిగుట మీలో పలువురు చూచియే యుందురు. అవి చలికోర్వలేక వచ్చినవని లోకము చెప్పుకొనును. ఈ మాటలో సగమే నిజము.

మంచుపై నిలిచిన బాతు కాళ్లు గడ్డకట్టవా యని నేను బడిపంతులుగా నున్న కాలమున పిల్లలు అడుగుచుండిరి. కట్టవు. ఆ కాళ్లలో క్రిందికి దిగు వెచ్చని నెత్తురు నాళములు, పైకెక్కు చల్లని నెత్తురు నాళములు ఒకదాని నొకటి అంటియుండును. దిగు నెత్తురు తన వేడిమిని ఎక్కు నెత్తురున కిచ్చివేయును; కావున దేహమందలి వేడి వ్యర్థము గాదు. తోకమూలమందలి గ్రంథినుండి నూనె తీసి యీకలకు పూసికొనును గాన నీరు లోనికి దిగదు. లోపలి మెత్తని నూగు కంబళివలె కాపాడును.

మరి యేల కదలును? ఆకలిచేత. నీరు గడ్డకట్టిన, అన్నపు పళ్లెమునకు మూత పడినట్లే. అడుగున నాచును, పురుగులును ఉండియు అందవు. లోతులేని మడుగులు ముందు గడ్డకట్టును. ఉప్పునీరు ఆలస్యముగా కట్టును. అందుచే పక్షులు మడుగులు విడిచి సముద్రతీరములకును, అదియు చాలనిచో దూరదేశములకును పోవును.

హంసలు వర్షారంభమున మానససరస్సునకు పోవునని కాళిదాసు మేఘదూతమున వర్ణించెను. 4,500 మీటర్లకు పైని ఎత్తున నున్న ఆ సరస్సు శీతకాలమున గడ్డకట్టును. తలపై రెండు నల్లచారలు గల బూడిదవన్నె బాతు వేసవిలో హిమాలయముల కావలి సరస్సులలో పిల్లలను పెంచి, పగళ్లు కురుచనగుట గుర్తెరిగి, మంచు మూయకముందే బయలుదేరి మన దేశమునకు వచ్చును. అది 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు పరికరములు కట్టి కొలిచిరి.

అయినను చలి మితిమీరిన యేట కొన్ని చిక్కుకొనును. ఇంగ్లాండున 1740 తరువాత అంతటి చలి యెరుగని 1962-63 శీతకాలమున అనేక పక్షులు ఆకలిచే మరణించెను. అట్టి వేళ పక్షికి ఒంటి కొవ్వే ధాన్యపు గాదె. బెదరించి లేపిన ప్రతిసారియు ఆ గాదెలో కొంత తరుగును. అందుచేతనే బ్రిటనులో మంచు పలుదినములు విడువనిచో నీటిపక్షుల వేటను ప్రభుత్వము నిలుపు చేయును.

మన దేశమున 1972 నాటి చట్టము వన్యపక్షులను కాపాడుచున్నది. కాని చెరువుగట్టున చట్టముకంటె ముందు పెద్దల మాట చెల్లును. దూరమునుండి అలసి దిగిన పక్షులపై వలలు పన్ననీయకుడు. చెరువు నంతయు తోడక, అంచున కొంత లోతులేని నీరు మిగులనిండు.