పంపుమోటార్లకు ఫ్యూజు, ఎర్తు

1855లో పూర్తియైన ఆనకట్టయు, పిదప 1957లో నిర్మింపబడిన ప్రకాశం బ్యారేజీయు కృష్ణా డెల్టాను సస్యశ్యామలము గావించినవి. అయినను కాలువలు కట్టిన వేసవియందును, నీరందని శివారు భూములందును రైతునకు విద్యుత్ మోటారే దిక్కు. బందరు, కైకలూరు ప్రాంతముల చెరువులందు ఏరియేటర్లును దానితోనే తిరుగుచున్నవి. నీరు, ఇనుము, విద్యుత్తు ఒక్కచోట గూడినపుడు అజాగ్రత్త ప్రాణాంతకమగును.

మోటారులోని చుట్టల పైపూత చెడినచో విద్యుత్తు దాని ఇనుప పెట్టెలోనికి ప్రాకును. తడికాళ్లతో దానిని ముట్టినవాని దేహముగుండ అది భూమికి బోవును. ఫ్యూజు ఉన్నదిగదా యని కొందఱు ధైర్యపడుదురు. 5 అశ్వశక్తుల త్రీఫేజు మోటారు నిండుపనిలో సుమారు 8 ఆంపియర్లు తీసికొనును. ఫ్యూజు అంతకు మించినపుడే కరగును. మనుష్యుని ప్రాణము దీయుటకు ఆంపియరులో ఇరువదవవంతైనను చాలును. కావున ఫ్యూజు ముఖ్యముగా తీగలను, మోటారును గాపాడునని యెఱుగవలెను.

మనుష్యుని గాపాడుటకు ఎర్తు కావలెను. పెట్టెను మందపు తీగతో భూమిలోని గొట్టమునకు గలిపినచో, లోపమేర్పడినపుడు పెద్ద ప్రవాహము ఆ దారిని బోయి ఫ్యూజును కరగించును. అయితే ఎర్తు మంచిదై యుండవలెను. లెక్క చూడుడు: 240 వోల్టుల ఫేజునకు ఆ దారి నిరోధము 20 ఓములైనచో 12 ఆంపియర్లే పోవును. 15 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. మోటారు ముట్టరానిదిగనే నిలిచియుండును. అందుచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని గూడ పెట్టించుట మేలు. భూమికి జాఱుచున్న స్వల్ప ప్రవాహమును గనిపెట్టి యది క్షణములో విద్యుత్తు నాపును.

మోటారునకు రెండు వేఱువేఱు ఎర్తు తీగలు కలుపవలెను. రెండున్నర మీటర్లకు తక్కువగాని గాల్వనైజు గొట్టమును పాతవలెను. మన నల్లరేగడి వేసవిలో బీటలువాఱును గనుక గొట్టముచుట్టు బొగ్గు, ఉప్పు వేసి అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను. దివిసీమ ఉప్పునేలలో ఇనుము త్వరగా తుప్పుపట్టును. అచ్చట ఏటేట పరీక్షింపవలెను. ఫ్యూజునకు బదులు అల్యూమినియము పోగులు చుట్టరాదు. న్యూట్రలు తీగకు ఫ్యూజు వేయరాదు. ట్రాన్సుఫార్మరు ఫ్యూజు పోయినచో స్వయముగా నెక్కక 1912నకు ఫోను చేసి లైనుమానును రప్పింపవలెను.

ఎర్తు నిరోధమును గొలుచు యంత్రమును ఒక్కొక్క రైతు కొనజాలడు, సంఘము కొనగలదు. సార్వాకు మునుపు సభ్యుల మోటార్లన్నిటిని వరుసగా పరీక్షింపించు తీర్మానమును ప్రతి సంఘమును రాబోవు సమావేశమందే చేయునని మేము కోరుచున్నాము.