రొమ్ము క్యాన్సర్ చికిత్స తరువాత కదలిక కూడా మందే

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తి చేసుకొని ఇంటికి వెళ్లిన స్త్రీలకు మన ఇళ్లలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "నీవేమీ చేయవద్దు, కూర్చో". రెండు, "అది తినకు, ఇది తినకు". రెండూ ప్రేమతో చెప్పేవే. కాని కొన్ని నెలల తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు "జడ కూడా వేసుకోలేకపోతున్నానమ్మా" అని బాధపడేవారిని మేము తరచుగా చూస్తుంటాము. భుజం బిగుసుకుపోవడం, బరువు పెరగడం, నీరసం ఇవన్నీ చాలావరకు తగ్గించుకోగలిగినవే.

చెయ్యి: డాక్టరుగారు అనుమతించిన రోజు నుండి గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను గోడమీద పాకిస్తూ చేతిని మెల్లగా పైకి జరపండి. తల దువ్వుకోవడం, తీగమీద బట్టలు ఆరవేయడం కూడా మంచి వ్యాయామాలే. చంకలోని గ్రంథులు తీసివేసినవారికి చెయ్యి వాచే అవకాశం ఉంది. అందువల్ల ఇక ఎప్పటికీ బరువు ఎత్తకూడదని పూర్వం చెప్పేవారు. అయితే 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, శిక్షణతో తక్కువ బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకున్నవారికి వాపు ఎక్కువ కాలేదని తేలింది. క్రమంగా అన్నది ముఖ్యం. మొదటిరోజే నిండు బిందె ఎత్తవద్దు. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి రండి.

నడక: రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మంది అమెరికా నర్సులను చాలా ఏళ్లు పరిశీలించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 3 నుండి 5 గంటల నడకకు సమానమైన వ్యాయామం చేసినవారిలో మరణాలు, కదలిక తక్కువగా ఉన్నవారిలో కంటే తక్కువగా ఉన్నాయి. నడిస్తే జబ్బు తిరిగి రాదని దీని అర్థం కాదు. కాని చికిత్స తరువాత వచ్చే నీరసం పడుకుంటే పోదు, నడిస్తే తగ్గుతుంది. 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 5 రోజులు అరగంట చొప్పున నడిచేలా పెంచుకోండి.

ఆహారం: 2007లో వెలువడిన మరో పరిశోధనలో 3,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. కొవ్వు బాగా తగ్గించి, కూరగాయలు, పండ్లు మరీ ఎక్కువగా తిన్నవారికీ, మామూలు మంచి ఆహారం తిన్నవారికీ జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు. కనుక కఠినమైన పథ్యాలు అవసరం లేదు. పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు లేక చేప తినండి. వేపుళ్లు, స్వీట్లు తగ్గించి బరువును అదుపులో ఉంచుకోండి. కల్లు, సారా, పొగాకు పూర్తిగా మానండి.

మాత్రలు: టామాక్సిఫెన్ వంటి మాత్రలు సాధారణంగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వాడవలసి ఉంటుంది. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని మీ అంతట మీరే మానవద్దు, మాకు చెప్పండి. డాక్టరుగారు చెప్పిన ప్రకారం మామోగ్రామ్ తీయించుకోండి.

కుటుంబ సభ్యులకు ఒక మాట. ఆమెను మూల కూర్చోబెట్టవద్దు. జాలి చూపడం కంటే సాయంత్రం ఆమెతో కలిసి నాలుగు వీధులు నడవడం మేలు. రొమ్ము తీసివేసినందుకు సిగ్గుపడి పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసేవారు ఉన్నారు. రవిక లోపల అమర్చుకొనే మెత్తని పాడ్ ఇంట్లోనే కుట్టుకోవచ్చు. ఎలాగో మా సిస్టర్లను అడగండి, సంతోషంగా చూపిస్తారు.