నాయనమ్మని హోమ్‌లో చేర్చాం: డిమెన్షియా కేర్ హోమ్ చూసేటప్పుడు ఏం అడగాలి?

పోయిన ఎపిసోడ్ మతిమరుపు గురించి చేశాక చాలామంది ఒకటే అడిగారు. "డిమెన్షియా ఉన్నవాళ్లని హోమ్‌లో చేర్చొచ్చా? అది వదిలించుకోవడం కాదా?" అని. ఈ ప్రశ్న మీద మా ఇంట్లో ఏడాదిన్నర గొడవ నడిచింది. అందుకే ఈరోజు మా ఇంటి సంగతే చెప్తాను. మేం చేసిన తప్పులతో సహా.

ముందు రెండు ముక్కల్లో బేసిక్స్. డిమెన్షియా అంటే ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, సొంత పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి. దానికి కారణాల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా. ఇంకోటి, బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు. వాటికి మందులున్నాయి. కాబట్టి "వయసైపోయింది కదా" అని వదిలేయకుండా ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

మా ఇంట్లో ఏం జరిగింది

మా నాయనమ్మది తెనాలి. తాతయ్య పోయాక హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేసింది. మొదట్లో చెప్పిందే చెప్పడం, కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతకడం. మేం నవ్వుకునేవాళ్లం. తర్వాత సాయంత్రం ఆరయ్యేసరికి సంచి సర్దుకుని "ఇంటికి పోదాం పదండి" అనడం మొదలైంది. ఇదే మన ఇల్లు నాయనమ్మా అంటే కోపం వచ్చేసేది. పొద్దు గూకే వేళకి ఇలా కంగారు పెరగడాన్ని సన్‌డౌనింగ్ అంటారని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలీదు.

ఒక రాత్రి మూడింటికి గడియ తీసుకుని కిందికి దిగిపోయింది. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నుంచి అమ్మ తన కొంగు నాయనమ్మ కొంగుకి ముడేసుకుని పడుకునేది. కదిలితే మెలకువ వస్తుందని. అలా ఏడు నెలలు. ఒకరోజు అమ్మ బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. చూస్తే బీపీ విపరీతంగా ఉంది.

అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ. విజయవాడ నుంచి అత్త ఫోన్ చేసి, "మా అమ్మని హోమ్‌లో పడేస్తారా? నలుగురూ ఏమనుకుంటారు?" అని ఏడ్చింది. డాలస్ నుంచి బాబాయ్, "డబ్బు ఎంతైనా పంపిస్తా, ఇంట్లోనే మనిషిని పెట్టండి" అన్నాడు. పెట్టాం. నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. సలహా ఇచ్చినవాళ్లలో ఆ గడియ చప్పుడు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే నేనూ వినలేదు. పక్క గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకునేవాణ్ణి. అమ్మ మాత్రం ఎప్పుడూ "చేర్చేద్దాం" అనలేదు. కోడలు అంటే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.

మొదటి హోమ్: మేం చేసిన తప్పు

ఫొటోలు చూసి, ఏసీ రూమ్ చూసి, ఒక హోమ్‌లో చేర్చాం. తొమ్మిదో రోజు చెప్పకుండా వెళ్లాను. నాయనమ్మ కుర్చీలో ఉంది. నడుముకి చున్నీ కట్టి ఉంది. పిలిస్తే కళ్లు తెరవలేకపోతోంది. "రాత్రి గోల చేస్తోంది సార్, అందుకే మందు ఇస్తున్నాం" అన్నారు. ఏ మందు, ఎవరు రాశారు అంటే చీటీ చూపించలేకపోయారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లని నిమ్మళంగా ఉంచడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ మందుల వల్ల పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది. ఒక్కోసారి అవసరం పడొచ్చు. కానీ డాక్టర్ రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, కొన్నాళ్లకోసారి మళ్లీ చూడాలి. ఉన్నట్టుండి గోల పెరిగితే ముందు యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఏమైనా ఉన్నాయా అని చూడాలి. నాయనమ్మకి యూరిన్ ఇన్ఫెక్షనే. ఆ రోజే ఇంటికి తెచ్చేశాం.

రెండోసారి ఏం అడిగాం

రెండు నెలల తర్వాత ఇంకో హోమ్ చూశాం. ఈసారి లిస్టు రాసుకుని వెళ్లాం. మీరూ రాసుకోండి.

1. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? పగటి లెక్క కాదు, రాత్రి లెక్క అడగండి.

2. గోల చేస్తే ఏం చేస్తారు? "కట్టేస్తాం, మందు ఇస్తాం" అన్నది మొదటి జవాబైతే బయటికి వచ్చేయండి.

3. చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చా? సాయంత్రం ఆరుకి ఒకసారి వెళ్లి చూడండి. అసలు పరిస్థితి అప్పుడే తెలుస్తుంది.

4. చూసుకునేవాళ్లకి తెలుగు వచ్చా? మా నాయనమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి హోమ్‌లో మంచినీళ్లు అడిగినా అర్థం చేసుకునే మనిషి లేదు.

5. నెల ఫీజులో ఏం వస్తుంది? మాకు నెలకి 45 వేలు చెప్పారు. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ కలిపితే 60 దాటింది. అడ్వాన్స్ తిరిగిస్తారా, ఎప్పుడు ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి.

6. అర్ధరాత్రి ఏదైనా అయితే ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు? ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?

చేర్చాక పని అయిపోదు

రెండో హోమ్‌లో నర్సు మమ్మల్ని ఒక పేజీ రాసిమ్మంది. ఏమని పిలిస్తే పలుకుతుంది, కాఫీ ఎప్పుడు, దేనికి భయం, చేతికి అలవాటైన పనేంటి. "పూలు కడుతుంది" అని రాశాం. మర్నాడే కనకాంబరాలు, దారం తెచ్చి ముందు పెట్టారు. నా పేరు గుర్తులేని మనిషి మూర చకచకా కట్టేసింది! కొత్త సంగతులు ముందు పోతాయి కానీ చేతికి అలవాటైన పనులు చాలాకాలం మిగులుతాయట.

"ఇంటికి పోదాం" అని అక్కడా అంటుంది. మొదట్లో వింటే ప్రాణం పోయేది. అయితే మా ఫ్లాట్‌లో ఉన్నప్పుడూ అనేది కదా! ఆవిడ అడిగే ఇల్లు తెనాలిలో చిన్నప్పటి ఇల్లు. అది ఇప్పుడు లేదు. అందుకే వాదించను. "మీ ఇంట్లో బావి ఎటువైపు ఉండేది?" అని అడుగుతాను. చెప్తూ చెప్తూ తేలికపడుతుంది.

అమ్మ ఇప్పుడు రోజు విడిచి రోజు వెళ్తుంది. జడ వేస్తుంది, అన్నం కలిపి పెడుతుంది. రాత్రి నిద్ర పడుతోంది కాబట్టి విసుక్కోవట్లేదు. అత్త కూడా వచ్చి చూసింది. బాగుందని అనలేదు. కానీ ఇప్పుడు నెలకి నాలుగు రోజులు తనే వచ్చి ఉంటోంది. బాధ పోయిందా అంటే పోలేదు. పండక్కి విస్తరి వేసేటప్పుడు అందరికీ గుర్తొస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, చూసుకోవాల్సినవాళ్లు పెద్దవాళ్లని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు లేదా జరిమానా. మంచి హోమ్ చూసి చేర్చి, రోజూ కనుక్కుంటూ ఉండడం వేరు, చేర్చి ఫోన్ ఎత్తకపోవడం వేరు. పెద్దవాళ్ల విషయంలో సాయం కావాలంటే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఫ్రీ.

హోమా, ఇల్లా అన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. కొన్ని ఇళ్లలో మనుషులుంటారు, ఇంట్లోనే బాగా జరుగుతుంది. నేను చెప్పేది ఒక్కటే. అది తేల్చేముందు మీ ఇంట్లో రాత్రిళ్లు మేలుకుంటున్నది ఎవరో చూడండి. మొదటి మాట వాళ్లని అడగండి. ఈ వారం ఒక్క రాత్రి వాళ్లని వేరే గదిలో పడుకోబెట్టి, ఆ డ్యూటీ మీరు చేయండి. ఇయర్‌ఫోన్స్ తీసేసి. నేను ఆ పని ఏడు నెలలు ఆలస్యంగా చేశాను.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.